40వ పేజీ దగ్గర మడత: నవలల పోటీలు పెట్టే సంపాదకులకు, ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను ఒక శాఖా గ్రంథాలయంలో 31 ఏళ్లు గ్రంథపాలకురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. ఇప్పటికీ శనివారాలు వెళ్లి పిల్లల బీరువా సర్దుతుంటాను. రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దని ఎవరూ అనలేదు. ఈ మధ్య మీలో కొందరు 13 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం ఫాంటసీ నవలలు కావాలంటూ పోటీలు ప్రకటిస్తున్నారు. ఆ ఆలోచన వచ్చినందుకు ముందుగా మీకు దండం పెడుతున్నాను. మా గ్రంథాలయంలో ఆ వయసువాళ్లకు చోటే లేదు. ‘బాలసాహిత్యం’ అని రాసి ఉన్న బీరువా దగ్గరికి రావడం వాళ్లకు నామోషీ. 894.827 అంకె వేసిన తెలుగు సాహిత్యం బీరువాల దగ్గరికి వెళ్తే అక్కడున్నవన్నీ పెద్దవాళ్ల సంసారాలు. రెండింటి మధ్యా నిలబడి, ఆదివారం అనుబంధం ఒకసారి తిరగేసి వెళ్లిపోతారు.

మీ ప్రకటనలు చదివాను. మీరు అచ్చువేసినవాటిలో మా దాకా వచ్చిన పుస్తకాలు కూడా చదివాను. చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. తిరిగొచ్చిన పుస్తకాన్ని బీరువాలో పెట్టేముందు పేజీలు ఒకసారి గబగబా తిప్పుతాం. బస్సు టిక్కెట్లు, నెమలీకలు, ఒకసారి పదో తరగతి హాల్ టికెట్ కూడా దొరికింది నాకు. వాటితో పాటు మడతలు కనిపిస్తాయి. పేజీ మూల ఒకసారి మడిస్తే, తరవాత ఎంత సాపు చేసినా ఆ గీత పోదు. ఆఖరి మడత ఎక్కడుందో చూస్తే ఆ పాఠకుడు ఎక్కడ ఆగిపోయాడో తెలిసిపోతుంది. గడువు చీటీ మీద నలుగురు తీసుకెళ్లినట్టు నాలుగు ముద్రలుండి, నాలుగు మడతలూ 40వ పేజీకి అటూ ఇటూ ఉన్నాయంటే ఆ పుస్తకానికి ఇక సమీక్ష అక్కర్లేదు.

పోయిన వేసవిలో అలాంటి పుస్తకం ఒకటి తిరిగొచ్చింది. తెచ్చింది తొమ్మిదో తరగతి పూర్తయిన అమ్మాయి. చదివే పిల్ల. దొరికితే పంచాంగమైనా వదలదు. “ఏమ్మా, బాగాలేదా?” అన్నాను. “బాగానే ఉందండీ,” అంది. కాసేపు బల్ల అంచు గోకుతూ నిలబడి, “కానీ ఇందులో ఎవరికీ ఏమీ కాదండీ,” అంది.

పుస్తకం ఇంటికి తీసుకెళ్లి ఒక్క రాత్రిలో చదివాను. దాని పేరు చెప్పను. రాసినాయన కష్టపడ్డారు, వాక్యం హాయిగా నడుస్తుంది, మంత్రనగరిని కళ్లకు కట్టారు. నాయకుడికి ఒక ఉంగరం దొరుకుతుంది. రెండో అధ్యాయంలో దాన్ని పెట్టుకుంటే మనిషి మాయమవుతాడు. అయిదో అధ్యాయంలో కొండ మీదినుంచి పడబోతుంటే అది మెరిసి, వాడికి ఎగరడం వచ్చేస్తుంది. తొమ్మిదిలో పాము విషం లాగేస్తుంది. పన్నెండులో చనిపోయిన స్నేహితుణ్ణి లేపి కూర్చోబెడుతుంది. వాడు లేచి, ఒళ్లు దులుపుకుని, ఏదో హాస్యమాడతాడు. ఆ అమ్మాయి ఆగిపోయింది అయిదో అధ్యాయంలో, ఉంగరం రెండోసారి మెరిసిన చోట. ఆ పైన ఏమి జరిగినా ఉంగరం చూసుకుంటుందని ఆ పిల్లకు అర్థమైపోయింది. తన భయం అక్కర్లేని చోట తానెందుకని పుస్తకం మూసేసింది.

అద్భుతాలు చూపిస్తే చాలు పిల్లలు కట్టిపడిపోతారని మనం అనుకుంటున్నాం. అద్భుతాలు వాళ్లకు ఫోనులో పొద్దస్తమానం దొరుకుతూనే ఉన్నాయి, అదీ మీరూ నేనూ వర్ణించలేనంత బాగా. నవలలో వాళ్లు వెతికేది ఆ మాయకు ఎవరు ఏమి చెల్లించుకున్నారన్న లెక్క. ఆ ఉంగరం చేయలేని పని ఒక్కటైనా ఉందా, అది పెట్టుకుంటే పోయేదేమిటి, తీసేస్తే మళ్లీ వస్తుందా అన్నది మొదటి 30 పేజీల్లో తేల్చి, ఆ తేల్చినదాన్ని చివరిదాకా మీరకుండా ఉంటే పిల్లలు దేన్నయినా నమ్ముతారు. మీరితే వాళ్లకు మోసపోయినట్టు ఉంటుంది. క్యారమ్స్ ఆడుతూ మధ్యలో నియమం మార్చే అన్నయ్యను చూసినట్టు చూస్తారు మనల్ని.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. భారతం ఆదిపర్వంలో కచుడి కథను ఒకసారి కుర్రవాళ్ల నవలలా చదివి చూడండి. దేవతలకూ రాక్షసులకూ యుద్ధం. రాక్షసుల వైపు చచ్చినవాళ్లు లేచి మళ్లీ యుద్ధానికి వస్తున్నారు, వాళ్ల గురువు శుక్రాచార్యుడికి మృతసంజీవని తెలుసు కాబట్టి. దేవతల గురువు బృహస్పతికి అది తెలియదు. ఆయన కొడుకు కచుడు శత్రువుల ఊరికి వెళ్లి, శత్రువుల గురువు దగ్గరే శిష్యుడిగా చేరతాడు. ఎవరి కొడుకో దాచుకోకుండా చెప్పే చేరతాడు.

రాక్షసులు ఊరుకుంటారా? ఆవులు కాయడానికి అడవికి వెళ్లినవాణ్ణి చంపేస్తారు. సాయంత్రం ఆవులు ఇంటికొస్తాయి, వాడు రాడు. (నాకు ఈ ఒక్క ముక్క చాలు. ఒంటరిగా ఇంటికొచ్చిన ఆవులు చెప్పినంత, వర్ణనలు పది పేజీలు రాసినా చెప్పలేవు.) గురువు కూతురు దేవయాని ఏడిస్తే శుక్రుడు మంత్రం చదివి బతికిస్తాడు. ఇక్కడిదాకా మన ఉంగరం నవలకూ దీనికీ తేడా లేదు. చచ్చాడు, లేచాడు.

అసలు కథ ఆ తరవాత. ఈసారి రాక్షసులు వాణ్ణి చంపి, కాల్చి, బూడిద చేసి, ఆ బూడిద మద్యంలో కలిపి తెచ్చి గురువుగారికే పోస్తారు. ఆయన తాగేస్తాడు. ఇప్పుడు మంత్రం చదివితే కుర్రవాడు బతుకుతాడు, కానీ బయటికి రావాలంటే గురువు పొట్ట చీల్చుకునే రావాలి. గురువు పోతే ఆయన్ను బతికించే విద్య తెలిసినవాడు మరొకడు లేడు. మిగిలింది ఒకటే దారి, కడుపులో ఉన్నవాడికే ఆ విద్య నేర్పడం. ఆయన నేర్పుతాడు. వాడు బయటికొచ్చి, చనిపోయి పడి ఉన్న గురువును అదే మంత్రంతో లేపుతాడు. ఏ విద్య వాడికి దక్కకూడదని రాక్షసులు హత్యలు చేశారో, ఆ హత్య వల్లనే వాడికి దక్కింది. ఇందులో దేవుడు దిగిరాలేదు, ఉంగరం మెరవలేదు. మొదట చెప్పిన ఒక్క నియమం తన దారిన తాను నడుచుకుంటూ వచ్చింది.

అంతటితో అయిపోతే ఇంత గొప్ప కథ అయ్యేది కాదు. చదువు ముగించుకుని వెళ్లబోతుంటే దేవయాని తనను పెళ్లి చేసుకోమంటుంది. నీ తండ్రి కడుపులోంచి పుట్టినవాణ్ణి, నీకు తోబుట్టువునయ్యాను, కుదరదంటాడు కచుడు. చూశారా, వాణ్ణి బతికించిన ఉపాయమే వాళ్లిద్దరి మధ్యా అడ్డం పడింది. ఆమె మండిపడి, నువ్వు నేర్చిన విద్య నీకు పనిచేయదని శపిస్తుంది. పనిచేయకపోతే పోనీ, నేను నేర్పినవాళ్లకు పనిచేస్తుంది, నిన్ను మాత్రం ఏ బ్రాహ్మణుడూ చేసుకోడని తిరిగి శపించి వెళ్లిపోతాడు వాడు. ఎవరికీ ఏమీ కాకపోవడం ఎక్కడ, ఇద్దరికీ ఇంత కావడం ఎక్కడ!

వేసవి విజ్ఞాన శిబిరంలో ఈ కథ పాతికమంది పిల్లలకు చెప్పాను. నేను చెప్పింది ముప్పావు గంట, వాళ్లు కొట్లాడుకున్నది గంట పైన. వాడు ఆమెను వాడుకుని వదిలేశాడని ఆడపిల్లలు. వాడు మొదటినుంచీ ఎందుకొచ్చాడో అందరికీ తెలుసు కదా అని మగపిల్లలు. నేను మధ్యలో ఎవరి వైపూ పలకలేదు. అందరూ చెప్పులు వేసుకుని వెళ్లిపోతుంటే, అంతసేపూ నోరు మెదపని ఒక అబ్బాయి వెనక్కి వచ్చి అడిగాడు: “ఇంటికెళ్లాక ఎప్పుడైనా ఒక్కసారి ఆ మంత్రం చదివి చూసుకుని ఉంటాడాండీ? పనిచేస్తుందేమోనని?” నా దగ్గర జవాబు లేదు. మూడేళ్లయింది, ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు ఆ కుర్రవాడు చచ్చిన పిచ్చుక ముందు కూర్చుని మంత్రం చదువుతున్నట్టు కనిపిస్తుంది నాకు. నవల చదివిన తృప్తి అంటారే, నా లెక్కలో అది ఇదే.

ఇక రెండో సంగతి. కథలో చివరి పని ఎవరు చేస్తున్నారు? మీరు అచ్చువేసిన పుస్తకాల్లో సగానికి పైగా చివరి అధ్యాయంలో ఒక గడ్డం తాత వస్తాడు. ఆయన ఋషి కావచ్చు, పాత రాజగురువు కావచ్చు, ఒక దాంట్లో అయితే శాస్త్రవేత్త. వచ్చి మాంత్రికుణ్ణి లొంగదీసి, పిల్లల తల నిమిరి, ఐకమత్యమే బలమని చెప్పి వెళ్తాడు. మరి ఆ పిల్లలు 180 పేజీలు కొండలెక్కి దిగింది ఎందుకట?

బుర్రకథగా ఊరూరా చెప్పుకున్న బాలనాగమ్మ కథ చూడండి. మాయల ఫకీరు బాలవర్ధి తల్లి బాలనాగమ్మను ఎత్తుకుపోయాడు. తండ్రి, పెదనాన్నలు, సైన్యం వెళ్లి రాళ్లయిపోయారు. పెద్దవాళ్లందరూ అక్షరాలా రాళ్లయిపోయాక మిగిలినవాడు బాలవర్ధి, పసితనం దాటీ దాటని కుర్రవాడు. కత్తితో నెగ్గలేడని వాడికి తెలుసు, మనకూ తెలుసు. నాగళ్ళపూడి గట్టు దగ్గర పూలు కట్టే తంబళి పెద్ది ఇంట్లో మనవడిగా చేరతాడు. పూలదండతో తల్లికి కబురు పంపుతాడు. లోపలినుంచి ఆ తల్లి తన వంతు పని చేస్తుంది, ఫకీరుకు మాటలు చెప్పి వాడి ప్రాణం ఎక్కడుందో రాబడుతుంది. ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది. వెళ్లి తెచ్చేది మళ్లీ ఆ కుర్రవాడే. ఇందులో పెద్దవాళ్ల సాయం లేకపోలేదు. పెద్ది ఇల్లు ఇచ్చింది, తల్లి రహస్యం ఇచ్చింది. కానీ వాళ్లలో ఎవరూ వాడికి బదులుగా ఆ చిలుక మెడ విరవలేదు. ఆ చిలుక కూడా ఎంత మంచి ఏర్పాటు! అంతటి ఫకీరు ప్రాణం గుప్పెట్లో పట్టేంత, రెక్కలు కొట్టుకునేంత చిన్న వస్తువులో ఉందని తెలిశాక వినేవాడి కళ్లు దాని మీదినుంచి కదలవు.

పిల్లలకు ఇది ఎందుకంత ముఖ్యమో పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఒక సాయంత్రం కూర్చుంటే తెలుస్తుంది. ఎంపీసీయా బైపీసీయా, ఏ కాలేజీ, ఏ హాస్టలు, జుట్టు ఎంత ఉండాలి, అన్నీ వేరెవరో నిర్ణయిస్తారు. వాళ్లను అడిగినా, అడిగినట్టు ఉండటానికే అడుగుతారు. అలాంటి పిల్ల ఒక నవల తెరిచి, తన ఈడు మనిషి ఒక నిర్ణయం తీసుకుని, అది తప్పయి, ఆ తప్పును వెనక్కి తీసుకోలేక, దాన్ని భుజాన మోసుకుంటూ ముందుకు నడవడం చూస్తే ఆ పుస్తకం మడత పడదు. తాత వచ్చి ఆ తప్పును చెరిపేస్తే ఇంటి దగ్గరున్న పెద్దవాళ్లే పుస్తకంలోకి కూడా వచ్చారని పెదవి విరుస్తుంది.

ఈ గడ్డం తాతను పుట్టించింది రచయితలు కాదని నా అనుమానం. మీ ప్రకటనల్లో ‘సందేశాత్మకంగా ఉండాలి’ అని ఒక ముక్క ఉంటుంది చూడండి, తాత అందులోంచి పుట్టాడు. బహుమతి కావాలంటే సందేశం ఉండాలి, సందేశం ఉండాలంటే చెప్పేవాడు కావాలి, చెప్పాలంటే గడ్డం ఉండాలి. కచుడి కథలో సందేశం ఏమిటో నన్నడిగితే చెప్పలేను. ఇంతా చూసి శుక్రాచార్యుడు మద్యం తాగకూడదని కట్టడి చేశాడని ఉంది. మా పాతికమందిలో ఆ ముక్క గుర్తుపెట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

భాష గురించి పెద్దగా చెప్పను. పదిహేనేళ్ల పిల్ల మాంత్రికుడి కోటలో కూడా తన ఈడు పిల్లలాగే మాట్లాడాలి. “ఓయీ దురాత్మా” అనడం సినిమాల్లో ఎస్వీ రంగారావు కాలానికి బాగుంది. అలాగని ఈ మధ్య ఒక నవలలో యక్షుడి చేత “సూపర్ బాసూ” అనిపించారు, అదీ బాగాలేదు. ఇంకొకటి, మీ మంత్రనగరుల్లో ఎవరూ అన్నం తినరేమిటండీ? ఆ ఊళ్లో ఏమి పండుతుంది, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, చీకటిపడ్డాక దీపానికి నూనె ఎవరిది? ఒక్క పూట భోజనం సరిగ్గా రాస్తే ఆ ఊరు ఉందని పిల్లలు నమ్ముతారు. అరపేజీ వజ్రవైడూర్యాలు రాస్తే పేజీ తిప్పేస్తారు.

చందమామ సంగతి ఎత్తకుండా ఈ ఉత్తరం ముగిస్తే నా తరంవాళ్లు నన్ను క్షమించరు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి రెండు దశాబ్దాలకు పైగా దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు మా బాల్యాన్ని ఏలాయి. వాటి మీద ఆయన పేరు కూడా ఉండేది కాదు. రాసింది ఎవరో తెలియకుండానే నెల నెలా ఎదురు చూసేవాళ్లం. ఒక అధ్యాయంలో నాయకుడు తప్పించుకోవడానికి చేసిన పనే తరవాతి అధ్యాయంలో ఆపద అయి కూర్చునేది. ఎక్కడినుంచో ఊడిపడ్డ ఆపద అరుదు. ‘ఇంకా వుంది’ అన్న రెండు మాటలు చూసి మా తమ్ముడు పత్రికను గోడకేసి కొట్టిన రోజులున్నాయి. అయితే ఆ సీరియళ్లనే మళ్లీ రాసిపెట్టమని నేను అడగడం లేదు. ఈ మధ్య తిరిగి చదివితే రెండు లోట్లు కనిపించాయి. ఎన్ని లోయలు దాటినా ఆ వీరుల మనసు మొదట ఎలా ఉందో చివరా అలాగే ఉంటుంది. ఇక సాహసం చేసే ఆడపిల్లను వెతుక్కోవాలి. ఆ ఉంగరం నవల తిరిగి తెచ్చిన అమ్మాయి వాటిని వరసగా నాలుగు చదివింది, ఒక్క మడత లేకుండా. చదివి, “బాగున్నాయండీ, కానీ నేనెక్కడుంటానండీ ఇందులో?” అంది.

మీరు రచయితలు లేరంటారు. నాతో ఫోనులో ఒక ప్రచురణకర్త ఆ మాటే అన్నారు. దానికి జవాబుగా ఒక సంగతి చెప్తాను. అమెరికాలో బర్కిలీలో పార్నాసస్ ప్రెస్ అని పిల్లల పుస్తకాల చిన్న సంస్థ ఉండేది. దాన్ని నడిపిన హెర్మన్ షైన్ 1967లో రచయిత్రి ఉర్సులా లె గ్విన్‌ను కాస్త పెద్ద పిల్లల కోసం ఒక పుస్తకం రాసిమ్మని అడిగారు. ఏ విషయం మీద, ఎలా రాయాలన్నది ఆమె ఇష్టానికే వదిలేశారు. అప్పటిదాకా ఆవిడ ఆ వయసువాళ్ల కోసం రాసిన మనిషి కాదు. 1968లో ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ వచ్చింది. అందులో మంత్రవిద్య నేర్చుకునే ఒక కుర్రవాడు సాటివాడి మీద పంతంతో, చేయకూడని మంత్రం చేస్తాడు. దాంతో లోకంలో ఒక చీలిక ఏర్పడి, అందులోంచి ఒక నీడ వచ్చిపడుతుంది. వాడి ముఖం మీద పడిన గాటు మచ్చ జీవితాంతం పోదు. ఆ చీలికను మూయడానికి ఆ పాఠశాల పెద్ద తన ప్రాణం పెట్టేస్తాడు. అంటే ఇక్కడా తాత ఉన్నాడు, గడ్డం కూడా ఉంది, కానీ కథ మొదట్లోనే పోతాడు. ఆ నీడ సంగతి మిగతా పుస్తకమంతా ఆ కుర్రవాడే చూసుకోవాలి. ఎలా చూసుకుంటాడో చెప్పను, మీలో చదవనివాళ్లు ఉండవచ్చు. నేను చెప్పదలచింది అడిగిన మనిషి గురించి. ఆయన సందేశం కావాలనలేదు. పేజీలు ఇన్ని, పాత్రలు ఇన్ని అనలేదు. నమ్మి అడిగి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

మీరూ అలా అడగండి. పోటీ ప్రకటనలోంచి సందేశం ముక్క తీసేయండి. ‘ఏడు నుంచి డెబ్బై ఏళ్ల వరకు అందరూ చదవదగినది’ అని అట్ట వెనక వేయకండి, పదిహేనేళ్లవాళ్లకు ఆ మాట వింటేనే పుస్తకం మీద ఆశ పోతుంది. రాతప్రతిలో ఎవరైనా నిజంగా చనిపోతే, ఒక స్నేహం నిజంగా చెడిపోతే, పిల్లలు బెంగపడతారని కొట్టేయకండి. న్యాయనిర్ణేతల్లో నాలాంటి ముసలివాళ్లను ఇద్దరిని తగ్గించి, ఆ వయసు పిల్లలు నలుగురికి రాతప్రతులు ఇచ్చి చూడండి. మార్కులు వేయమని అడగవద్దు. ఎక్కడ ఆపారో ఆ పేజీ మడిచి తెమ్మనండి, చాలు.

ఆఖరిగా ఒక విన్నపం, ఇది సొంత పని. ఆ అమ్మాయి తెల్లకాగితాల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొనుక్కుని నవల మొదలుపెట్టింది. ఇప్పటికి 63 పేజీలు అయ్యాయి. అందులో ఒక పిల్ల నదిని ఒక కోరిక కోరుతుంది. కోరిన ప్రతిసారీ తనకు తెలిసిన ఒక మనిషి పేరు మర్చిపోతుంది. నేను చదివినంతవరకు మూడుసార్లు కోరింది. మూడోసారి మర్చిపోయింది తమ్ముడి పేరు. తరవాత ఏమవుతుందని అడిగితే చెప్పడం లేదు. మీ పోటీకి పంపుదామని మీ ప్రకటన తీసి చూపించాను. అందులో నాలుగో నిబంధన ప్రకారం రచయితకు 18 ఏళ్లు నిండి ఉండాలట. ఆ నిబంధన సడలిస్తారా లేదా అన్నది ఒక కార్డు ముక్క రాసి తెలియజేయగలరు. ఆ పిల్ల ప్రతి శనివారం తలుపు దగ్గరే నిలబడి అడుగుతోంది.

ఇట్లు
శాఖా గ్రంథాలయంలో పనిచేసి విరమించిన ఒక గ్రంథపాలకురాలు